వీధిపోటు లేని ఊరు

ఆ వారమంతా ఉమామహేశ్వరరావు కాలు ఒకచోట నిలవలేదు. కుర్చీలో కూర్చుంటాడు, అంతలోనే లేచి కిటికీ దగ్గరికి పోతాడు, అక్కణ్ణుంచి ప్రింటరు దగ్గరికి, ప్రింటరు దగ్గర్నుంచి మళ్లీ కుర్చీకి. టీ తెచ్చుకుని మర్చిపోతాడు, చల్లారాక చూసి తనను తానే తిట్టుకుంటాడు. సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్‌లో టైర్ల దుకాణం పైన మూడు గదుల ఆఫీసది. అంత చిన్న ఆఫీసులో అంతసేపు ఎక్కడ తిరిగాడని అడక్కండి. మనసు కుదురు లేనివాడికి ఒక గదైనా చాలు.

అతనిది రాజమండ్రి. ఖాళీ స్థలాలను కాలనీలుగా గీసే టౌన్ ప్లానరు. ఈ దేశానికి వచ్చి పన్నెండేళ్లు దాటింది. ఇంత పొడుగు పేరు పెట్టుకున్న పాపానికి ఇక్కడ ఎవరి నోటా అది పూర్తిగా పలకదు. అరబ్బులకు అతను ‘ముహందిస్ రావ్’, అంటే ఇంజనీరు రావు, అంతే.

ఈ కంగారంతా ఒక పని కోసం. ఖమీస్‌కు గంట దూరంలో కొండల మధ్య ఒక ఊరుంది. ఆ ఊరి బలదియా, మన మునిసిపాలిటీ అనుకోండి, భూవిభజన నిబంధనలు కొత్తగా రాయించాలని తలపెట్టింది. పెద్ద స్థలాన్ని ప్లాట్లుగా విడగొట్టేటప్పుడు ఏ ప్లాటు ఎంతకు తగ్గకూడదు, రోడ్డు ఎంత వెడల్పుండాలి, మసీదుకూ బడికీ పార్కుకూ ఎంత వదలాలి, అన్నదమ్ములు పంచుకుంటే వెనక వాటావాడికి దారి ఎటునుంచి ఇవ్వాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. ఉన్న నిబంధనలేమో చదును నేల మీద కూర్చుని ఎవరో ఎప్పుడో రాసినవి. కొండ ఊరికి తెచ్చి తగిలిస్తే సగం ఇళ్లకు కారు ఎక్కదు, వాన పడితే మిగతా సగం ఇళ్లలోకి నీళ్లొస్తాయి. అందుకని మంచి కన్సల్టెంటును పెట్టుకుంటామని ప్రకటించారు. మచ్చుకు ఒక కాలనీ లేఅవుటు గీసి సీలు వేసిన కవర్లో పంపాలి, తర్వాత కమిటీ ముందుకు వచ్చి దాన్ని వివరించాలి.

ఆఫీసు యజమాని అబూ నాయిఫ్ మంచివాడే. మొహమాటం లేని మంచివాడు. కవరు పంపిన రోజున తలుపు దగ్గరికి వేసి విషయం చెప్పేశాడు.

“రావ్, నితాకాత్ సంగతి నీకు తెలుసు. సౌదీ ఉద్యోగులు ఇంతమంది ఉంటేనే ఆఫీసుకు పచ్చరంగు. మనం అంచున ఉన్నాం. నెలాఖరుకు మన సౌదీ వాళ్లలో ఒకడు ప్రభుత్వోద్యోగానికి వెళ్లిపోతున్నాడు. వాడు పోతే పసుపు. పసుపైతే నీ ఇకామా పొడిగించలేను. ఈ పని వస్తే ఇద్దరు సౌదీ ఇంజనీర్లను పెట్టుకునే ఓపిక వస్తుంది, నువ్వూ ఉంటావు. రాకపోతే ఆఫీసు మూసేసి ఊరికెళ్లి మేకలు పెంచుకుంటాను.”

“మరి నేను?”

“నువ్వు నీ ఊరికెళ్లు. నీకు మేకలు కూడా లేవు కదా పాపం” అని భుజం తట్టాడు.

ఇకామా అంటే ఇక్కడ బతకడానికి అనుమతి. అది పోతే భార్యదీ పోతుంది, కూతురిదీ పోతుంది. ఇంకేముంది, ఫైనల్ ఎగ్జిట్, మూటాముల్లె సర్దుకుని దేశం వదిలెయ్యడమే. ఒక్కడే అయితే ఉమామహేశ్వరరావు ఇంత అల్లాడేవాడు కాదు. కూతురు వర్ష తొమ్మిదో తరగతి పరీక్షలకు చదువుతోంది. పదో తరగతి ఇక్కడే పూర్తి చేయించాలి. పిల్ల ఎల్‌కేజీ నుంచీ ఇక్కడి ఇండియన్ స్కూల్లోనే పెరిగింది, అక్కడి టీచర్లే తల్లీ తండ్రీ. బోర్డు పరీక్ష ఉన్న ఏడాది పీకి తీసుకెళ్లి రాజమండ్రిలో ఏదో కార్పొరేట్ కాలేజీ వాళ్ల బళ్లో పడేస్తే నలిగిపోతుందని అతని భయం. ఒక్క ఏడాది. దేవుడా, ఒక్క ఏడాది ఆగితే చాలు. మనిషి ఇంతకన్నా ఏం అడిగాడు చెప్పండి!

ఆ ఒక్క ఏడాదే కష్టమైపోయింది. పోయిన జూలై నుంచి కుటుంబంలో తలకింతని నెలనెలా ఫీజు పెట్టారు. ఏటేటా పెరుగుతుందట. దాంతో శుక్రవారం వచ్చిందంటే వాట్సాప్ నిండా సోఫాలు, ఫ్రిజ్‌లు, ఉయ్యాల మంచాలు. ‘వెళ్లిపోతున్నాం, చవగ్గా ఇచ్చేస్తాం’ అని. వాళ్ల బిల్డింగులో పై అంతస్తు మలయాళీలు వెళ్లిపోయారు, కింద హైదరాబాదు వాళ్లు వెళ్లిపోయారు. మెట్లమీద పిల్లల చెప్పుల చప్పుడు లేక ఆ బిల్డింగు బోసిపోయింది. అయినా ఉమామహేశ్వరరావు ఆ ఫీజు పళ్లు బిగించి కడుతూ వచ్చాడు. ఎవరు పోయినా మనం మాత్రం ఉండాలని మొండిపట్టు.

కమిటీ ముందుకు వెళ్లాల్సింది మంగళవారం. సోమవారం పొద్దున ఆఫీసులో భూమేష్ లేఅవుటు కాగితాలను అట్టలకు అంటిస్తున్నాడు. భూమేష్‌ది జగిత్యాల. సర్వే పనిలో కొలకర్ర పట్టుకోవడం, పరికరాలు మోయడం, ఆఫీసులో ఉంటే ఇలాంటి పనులు. గోందు చేత్తోనే ఆగి, అట్టను దూరంగా పెట్టి చూసి, మురిసిపోయాడు.

“సార్, ఏమనుకోకపోతె ఒక మాట. ఎంత మంచిగ గీసిన్రు సార్! గింత పెద్ద కాలనీల ఒక్క ఇంటికి గూడ వీధిపోటు లేదు.”

“ఏమిటీ?”

“అగో, చూడున్రి. ఒక్క రోడ్డన్న సీదా వచ్చి ఇంటికి తాకుతున్నదా? ఆడ పార్కు అడ్డం పెట్టిన్రు, ఈడ నీళ్ల ట్యాంకు పెట్టిన్రు. మిగిలిన తాన రోడ్డును అవతలికి కోసుకపోయిన్రు. మా తాన ప్లాటు కొన్ననాడు అయ్యగారిని పిలిపిచ్చి చూపిచ్చుకున్న. మీరుంటె అయ్యగారెందుకు సార్!”

ఉమామహేశ్వరరావు ముందు నవ్వాడు. వాస్తు పేరెత్తితే నవ్వే మనిషతను. బావమరిది వంటగదిని ఈ మూల నుంచి ఆ మూలకు మార్చినందుకు ఏడాది పాటు ఏడిపించాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే అట్ట దగ్గరికి వచ్చి చూశాడు. నవ్వు కాస్తా ఆగిపోయింది.

భూమేష్ చెప్పింది అక్షరాలా నిజం. ఇంత కాలనీలో ఒక రోడ్డు వచ్చి ఇంకో రోడ్డుకు తగిలి ఆగిన చోటే లేదు. ఆగితే ఎదురుగా ఉన్న ఇంటికి వీధిపోటు. అది తప్పించడానికి అన్నీ నాలుగు రోడ్ల కూడళ్లయిపోయాయి. వాలు మీద, కొండ దిగువకు, వరసగా కూడళ్లు! పైనుంచి వచ్చే కుర్రాడి కారుకు ఎక్కడా అడ్డం లేదు, అడ్డంగా వచ్చేవాడికి దిక్కు లేదు. మిగిలిన చోట్ల రోడ్డు కొసకు పార్కు. ఒక్క పెద్ద పార్కు ఉండాల్సిన నేలను ముక్కలు చేసి రోడ్ల కొసలకు బిరడాల్లా బిగించాడు. ఏ ముక్కలోనూ పిల్లలు బంతాట ఆడలేరు.

ఎందుకిలా గీశాడు? తెలిసి గీస్తే కదా చెప్పడానికి! రాజమండ్రిలో ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో రియల్ ఎస్టేటు వాళ్లకు లేఅవుట్లు గీసేవాడు. “వీధిపోటు ప్లాటు ఎవడు కొంటాడండీ? అది మీ ఇంటికి తీసుకెళ్లండి” అని వాళ్లు కాగితం మొహాన కొట్టేవాళ్లు. అందుకని రోడ్డు కొస వచ్చిందంటే అక్కడ పార్కు పెట్టెయ్యడం, లేదా రోడ్డును అవతలికి లాగెయ్యడం. అలా ఏళ్ల తరబడి గీసీ గీసీ చెయ్యి అలవాటు పడిపోయింది. తల నమ్మకపోయినా చెయ్యి నమ్మేసింది. అరబ్బుల కొండ ఊరికి కూడా గోదావరి జిల్లా వాస్తు పెట్టి వచ్చిందది.

“సార్, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?” అన్నాడు భూమేష్ బిక్కమొహం వేసి.

“లేదయ్యా. నువ్వు అన్నది నిజం. అదే నా కొంప ముంచింది” అని తల పట్టుకుని కూర్చున్నాడు.

అబూ నాయిఫ్‌కు ఫోను చేశాడు. కవరు వెనక్కి తీసుకుని మార్చి ఇవ్వగలమా అని అడిగాడు. అవతల మేకల అరుపులు వినిపిస్తున్నాయి.

“సీలు పడ్డ కవరు రావ్. మార్చడానికి లేదు. అయినా ఎవరు చూస్తారు?”

“చూస్తారు. కమిటీలో ముహందిస్ ముస్ఫిర్ ఉన్నాడట. ఆయన ట్రాఫిక్ మనిషి.”

“చూస్తే ఏదో ఒకటి చెప్పు. ఇంజనీరువి, నీకు మాటలు నేర్పాలా?”

సాయంత్రం ఇంటికి వెళ్లాడు గాని మనిషి ఇంట్లో లేడు. అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో ఒక అబద్ధాన్ని వల్లె వేస్తున్నాడు: రాకపోకల సౌలభ్యం కోసం, అత్యవసర వాహనాలకు అన్ని వైపులా దారి కోసం, కావాలనే కూడళ్లు పెట్టాం. వినడానికి బాగానే ఉంది. భార్య కాత్యాయని చపాతీలు ఒత్తుతూ అతన్నే చూస్తోంది.

“ఏవండీ, తిని పడుకోండి. ఇలా కాలుగాలిన పిల్లిలా తిరిగితే రేపు ఏం మాట్లాడతారు?”

“నీకేం తెలుసే! రేపు పోయిందంటే అందరం పోయినట్టే” అని కసిరాడు. కసిరి, వెంటనే బాధపడ్డాడు.

వర్ష పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. ఏ పేజీ తిప్పుతున్నట్టూ లేదు. “స్కూలెలా ఉందమ్మా?” అని అడిగాడు.

“బాగానే ఉంది నాన్నా.”

తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకోరోజైతే అడిగేవాడే, ఏమిటర్రా ఆ చూపులు అని. ఆ రోజు అతని కళ్లకు కూడళ్లు తప్ప ఇంకేం కనిపించలేదు.

మంగళవారం పొద్దున పొగమంచులో కొండ దారి పట్టారు. అబూ నాయిఫ్ బండి నడుపుతున్నాడు, పక్కన ఉమామహేశ్వరరావు, వెనక అట్టలు ఒళ్లో పెట్టుకుని భూమేష్. దారి పొడుగునా అబూ నాయిఫ్ “ధైర్యంగా ఉండు, ధైర్యంగా ఉండు” అంటూనే ఉన్నాడు. వినీ వినీ ఉన్న ధైర్యం కూడా పోయింది.

బలదియా హాల్లో పొడుగాటి బల్ల వెనక కమిటీ. మధ్యలో ముస్ఫిర్, తెల్లగడ్డం, చలికి భుజాల మీద గొర్రెతోలు కోటు. ఆయన పక్కన ఒక కుర్ర ఆఫీసరు ల్యాప్‌టాప్‌తో. చిన్న కప్పుల్లో ఖహ్వా, అరబ్బుల కాఫీ, వచ్చింది. అది ఎంత తాగినా ఉమామహేశ్వరరావు నోట్లో తడి లేదు. తెర మీద ఒక్కొక్కటే చూపిస్తూ పోయాడు. వాన నీళ్ల దారి బాగుందన్నారు. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల దారి గురించి అతను చెప్పింది విని ముస్ఫిర్ తల ఊపాడు. ఫర్వాలేదు, గట్టెక్కేలా ఉన్నామే అని ప్రాణం కాస్త లేచివచ్చింది. సరిగ్గా అప్పుడు ముస్ఫిర్ చెయ్యెత్తాడు.

“ముహందిస్ రావ్, ఒక్క సందేహం. ఇంత లేఅవుటులో రోడ్డొచ్చి రోడ్డుకు తగిలి ఆగే టీ జంక్షను ఒక్కటీ లేదు. అన్నీ కూడళ్లే. అదీ వాలు మీద. పార్కులేమో పీలికలు పీలికలు. మిగతాది చూస్తే తెలిసినవాడిలా ఉన్నావు. ఇదెందుకిలా గీశావు?”

ఉమామహేశ్వరరావు అద్దం ముందు నేర్చుకున్న పాఠం ఎత్తుకున్నాడు. “రాకపోకల సౌలభ్యం కోసం సార్. అంబులెన్సులకు అన్ని వైపుల నుంచీ...”

“అంబులెన్సు తేలిగ్గా రావాలన్నది నిజమే. అది ఎక్కువసార్లు వచ్చేలా కూడళ్లు పెట్టాలా?” అన్నాడు ముస్ఫిర్ మెల్లగా. బల్ల వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అబూ నాయిఫ్ ఖహ్వా కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో అబద్ధం ఉంది. దాన్ని కూడా తయారు చేసుకునే వచ్చాడు. నోరు తెరిచి ఎదురుగా చూశాడు. ముసలాయన కళ్లు సూటిగా ఇతని మీదే ఉన్నాయి. కోపం లేదు వాటిలో, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఛీ, ఏం బతుకిది అనిపించింది. పోతే పోయిందనుకున్నాడు.

“సార్, అది పొరపాటు. నా చెయ్యి చేసిన పొరపాటు” అని మొదలుపెట్టాడు. “మా వైపు రోడ్డు నేరుగా వచ్చి తగిలే ఇంటిని మంచిది కాదంటారు. ఎవరూ కొనరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ప్లాటు రాకుండా గీయడమే నా పని. నేను నమ్మను. కానీ చెయ్యి అలాగే గీసింది. నిన్న మా సర్వే హెల్పరు మెచ్చుకుంటే గాని నాకు తెలియలేదు. నిబంధనలు ఈ లేఅవుటును బట్టి రాస్తే మీ ఊరు చెడిపోతుంది.”

కుర్ర ఆఫీసరు మొహం చిట్లించి, “ఇది శకునాలు నమ్మడం. మా నిబంధనల్లోకి ఇలాంటివి తెస్తారా?” అన్నాడు. ఈ దేశంలో ఆ మాట చిన్న మాట కాదు, శకునాలు నమ్మడం మతానికే విరుద్ధం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ భూమేష్‌కు భాష అర్థం కాకపోయినా మొహాలు అర్థమయ్యాయి, అట్టలు గుండెలకు హత్తుకున్నాడు.

ముస్ఫిర్ కుర్రాడి వైపు చెయ్యి చూపించి ఆపాడు. “అతను తెచ్చాడా? తీసేస్తానంటున్నాడు కదా.” తర్వాత ఉమామహేశ్వరరావు వైపు తిరిగాడు. “మీ వైపు ఆ ఇల్లు ఎవరూ కొనరా?”

“కొనరు సార్. చివరిదాకా మిగిలిపోతుంది.”

ముసలాయన పకపకా నవ్వాడు. “సుబ్‌హానల్లా! మాకు అదే మంచి ఇల్లు. రోడ్డు మొదట్లోంచే గుమ్మం కనిపిస్తుంది, అతిథి ఎవర్నీ అడక్కుండా నేరుగా వస్తాడు. అలాంటి స్థలం కోసమే మా నాన్న, మా పెదనాన్న ఏడాది పాటు మాట్లాడుకోలేదు.” నవ్వు ఆపి కళ్లు తుడుచుకున్నాడు. “ఇప్పటికి ఎందరో కన్సల్టెంట్లు వచ్చారు. తాము గీసింది తప్పు అన్నవాడు ఒక్కడు లేడు. రేపు మా జనం ఆఫీసుకొచ్చి ఈ నిబంధన ఎందుకు పెట్టారని బల్ల గుద్ది అడుగుతారు. అప్పుడు నిజం చెప్పగలిగేవాడు కావాలి నాకు. ఆదివారానికి మళ్లీ గీసుకురా.”

ఆదివారం దాకా ఉమామహేశ్వరరావు తిండీ నిద్రా మానేసి గీశాడు. ఈసారి ప్రతి గీతనూ పట్టి అడిగాడు, నువ్విక్కడికి ఎందుకొచ్చావని. రోడ్లను కొండ వంపుతో తిప్పాడు, రోడ్లు వచ్చి ఇళ్ల ముందు ఆగాయి, ఒక్క పెద్ద పార్కు పుట్టింది. భూమేష్ ఆ కొత్త కాగితం చూసి “అయ్యో, గీ ఇంటోళ్లు ఎట్ల బతుకుతరు సార్?” అని నిజంగానే బాధపడ్డాడు. “అతిథులతో బతుకుతారులే” అన్నాడు ఉమామహేశ్వరరావు. ఆదివారం ఇచ్చివచ్చాక మళ్లీ కిటికీ, ప్రింటరు, కుర్చీ. ఫోను మోగితే ఉలికిపాటు, మోగకపోతే దిగులు.

బుధవారం మధ్యాహ్నం అబూ నాయిఫ్ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. వస్తూనే కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దాడాడు. పని వచ్చింది. ఇద్దరు సౌదీ ఇంజనీర్లను రేపే తీసుకుంటున్నాడు. ఆఫీసు పచ్చ. “మేకలు బతికిపోయాయి!” అని అరిచాడు. “రేపు పొద్దున నీ ఇకామా, నీ భార్యదీ, నీ కూతురిదీ, మూడూ పొడిగిస్తాను. పో, ఇంటికి పో, ఇవాళ సెలవు.”

ఉమామహేశ్వరరావు స్వీటు కొన్నాడు, మల్లెపూలు లేని ఊళ్లో పూలకొట్టు వెతికి గులాబీలు కొన్నాడు. ఇంట్లో అడుగు పెడుతూనే మొదలుపెట్టాడు. హాలు, ముసలాయన, అంబులెన్సు, అబద్ధం, నిజం, నవ్వు, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. “అంతమంది ముందు నా తప్పని చెప్పేశానే కాత్యా! మొదట చచ్చిపోయాననుకున్నా. ఆ తర్వాత ఎంత హాయిగా ఉందో! నిజం చెప్పేస్తే ఇంత తేలికని ఎవరికి తెలుసు!”

కాత్యాయని నవ్వలేదు. స్వీటు పెట్టె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. వర్ష గది గుమ్మంలో నిలబడి, “నాన్నా, నేనూ ఒకటి చెప్పనా? నువ్వు కోప్పడకూడదు” అంది.

“చెప్పు తల్లీ. ఇవాళ నాకు కోపం రాదు.”

“వచ్చే ఏడాది మా స్కూల్లో అమ్మాయిలకి పదో తరగతి లేదు. మూసేస్తున్నారు. చెప్పి చాలా రోజులైంది. మా సెక్షన్లో అందరూ వెళ్లిపోయారు నాన్నా. మిగిలిన వాళ్లం లైబ్రరీ గదిలో కూర్చుంటున్నాం. వేరే క్లాసు టీచరు అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్తుంది.”

ఉమామహేశ్వరరావుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. “చాలా రోజులా? నాకెందుకు చెప్పలేదు? నేనిక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని, ఎవరికోసం, ఎవరికోసమే ఇదంతా చేశాను?”

“నాకోసమే. తెలుసు నాన్నా.” పిల్ల ఆగలేదు. “అందుకే చెప్పలేకపోయాను. నువ్వు రోజూ ఒక్క ఏడాది, ఒక్క ఏడాది అంటూ తిరుగుతున్నావు. చెబితే నువ్వు ఏమైపోతావోనని భయం వేసింది. ఆన్‌లైన్లో చదివి ఇక్కడే పరీక్ష రాయొచ్చట, నీకోసం అలాగే రాద్దామనుకున్నా. కానీ నాకు ఇక్కడ మాట్లాడటానికి ఒక్కరు లేరు నాన్నా. స్కూల్లో లేరు, బిల్డింగులో లేరు. నాకు వెళ్లిపోవాలనుంది. నిజంగా వెళ్లిపోవాలనుంది.”

అని ఏడ్చేసింది. కాత్యాయని వెళ్లి పిల్లను పొదివి పట్టుకుంది. “ప్రజెంటేషను అయ్యేదాకా చెప్పొద్దని నేనే ఆపానండీ. తర్వాత ఆదివారం దాకా అన్నాను. తర్వాత ఫలితం వచ్చేదాకా అన్నాను. పని రాకపోతే చెప్పే అవసరమే ఉండదు, అందరం కలిసి వెళ్లిపోతాం అనుకున్నాను. నన్ను తిట్టండి.”

ఎవర్ని తిడతాడు? ఇంతసేపూ తను గెలిచాననుకుంటున్నాడు. వీళ్లిద్దరూ లోపల్లోపల తను ఓడిపోవాలని కోరుకున్నారు. సోఫాలో కూలబడ్డాడు. “నువ్వు ఇక్కడే ఉండిపోతావా నాన్నా, మాతో రావా?” అని పిల్ల అడిగింది. రావాలనే ఉంది అతనికి. కానీ రాజమండ్రిలో పన్నెండేళ్ల తర్వాత అతని కోసం ఏ ఉద్యోగం కాచుకుని ఉంది? పిల్ల చదువు ఖర్చంతా ఇక ముందే ఉంది. ఆ పని అతని పేరు మీద వచ్చింది. అతను పోతే అబూ నాయిఫ్ ఆఫీసూ పోతుంది, దాంతోపాటు భూమేష్ ఇకామా కూడా పోతుంది. చివరికి “ముందు నీ పరీక్షలు అవనీ తల్లీ” అని మాత్రం అన్నాడు. ఆ మాటతోనే కాత్యాయనికి సమాధానం తెలిసిపోయింది, మొహం అటు తిప్పుకుంది.

గురువారం పొద్దున ఆఫీసు సందడిగా ఉంది. కొత్త ఇంజనీర్లు ఇద్దరూ కుర్చీలు ఎక్కడ వేసుకోవాలో వెతుక్కుంటున్నారు. అబూ నాయిఫ్ కంప్యూటరు ముందు కూర్చుని, కళ్లజోడు పైకి నెట్టి, ఉమామహేశ్వరరావును పిలిచాడు.

“ఇవిగో, మూడు పేర్లూ వచ్చాయి. మూడూ పొడిగిస్తున్నా. ఏడాదికి. ముబారక్!”

“ఒక్కటే పొడిగించండి” అన్నాడు ఉమామహేశ్వరరావు.

అబూ నాయిఫ్ చెయ్యి ఆగింది. “మిగతా రెండు?”

“ఫైనల్ ఎగ్జిట్. మార్చి నెలాఖరుకు, పరీక్షలు అయ్యాక.”

“రావ్, పిచ్చి పట్టిందా? నీ కూతురి కోసం కదా నా వెంట పడ్డావు! పొద్దున లేస్తే మూడు ఇకామాలు, మూడు ఇకామాలు అని నువ్వే కదా అడిగావు?”

“అవును సార్, నేనే అడిగాను” అన్నాడు ఉమామహేశ్వరరావు. ముంజేతితో కళ్లు తుడుచుకున్నాడు.

అబూ నాయిఫ్ అతని మొహం చూసి మరి అడగలేదు. ఒక్క పేరు మీద నొక్కాడు. మిగతా రెండు పేర్లనూ అలాగే వదిలేసి, లేచి తలుపు దగ్గరికి వేశాడు. ఏడ్చే మనిషిని కొత్త కుర్రాళ్లు చూడటం అతనికి ఇష్టం లేదు.